బొమ్మలు చింపేసిన గిటారు పుస్తకం

పక్కగదిలోంచి కొత్త తీగల ఇత్తడి వాసన వస్తోంది. మా అమ్మాయి ఫోనులో ఎవరివో వేళ్లు చూస్తూ గిటారు నేర్చుకుంటోంది. నీకెవరు నేర్పారని అడిగితే ‘లైబ్రరీ’ అన్నాను. నమ్మలేదు. అందుకే ఇది రాసి పెట్టాలనిపించింది.

తొంభైల చివర గాజువాకలో నేను తొమ్మిదో తరగతి చదివేదాన్ని. డిసెంబరు వచ్చిందంటే ఇంట్లో అరిసెల పాకం, గులాబీ పువ్వులు వేగే నూనె, బయట మంచులో కలిసిన బొగ్గు పొగ, అన్నీ ఒకే వాసనై ముక్కుకు తగిలేవి. ఆ వాసనలోనే మా చర్చిలో క్రిస్మస్ పాటల సాధన మొదలయ్యేది. మగపిల్లలకు గిటారు, ఆడపిల్లలకు కంజీర. ఎవరూ పెట్టని నియమం అది. బృందానికి పెద్ద విక్టర్ అన్న, ఆటోనగర్‌లో వెల్డింగు పనిచేసేవాడు. వాయించేవాళ్లు లేక మూలనున్న రెండో గిటారును బతిమాలి ఇంటికి తెచ్చుకున్నాను.

గ్రంథాలయంలో దొరికిన ఇంగ్లీషు గిటారు పుస్తకంలో వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపే బొమ్మల పేజీలన్నీ ఎవరో చింపుకుపోయారు. మిగిలిన అక్షరాలనే నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. గిటారు మెడ మీద అడ్డకమ్మీల మధ్య ఒక్కో గడి ఒక్కో మెట్టు. ఏ స్వరం నుంచైనా రెండు మెట్లు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి ఎక్కితే మేజర్ స్కేలు అనే స్వరాల వరస వస్తుంది. అందులో నాలుగోదీ ఏడోదీ వదిలేస్తే మిగిలిన ఐదింటితో అప్పటికప్పుడు రాగం అల్లుకోవచ్చు, కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి, మారినచోట ఆ కార్డులోని స్వరం మీద వాలితే చాలు. బొమ్మల్లేవు కనుక ఆరు తీగల మీదా ఏ స్వరం ఎక్కడుందో పాత క్యాలెండరు వెనక నేనే గీసుకున్నాను.

విక్టర్ అన్న నవ్వాడు. “పుస్తకం సదివితే ఈత వత్తాదేటే? సరే, పండగనాడు ఒక్క పాటకి సరణాల మద్దిన లీడ్ నువ్వు కొట్టు. తప్పితే మల్లీ కంజీరే.”

జి మేజర్ శ్రుతిలో నెల రోజులు సాధన చేశాం. తీరా పండగ ఉదయం, పాట ఎత్తే రత్నమ్మ పెద్దమ్మ కిటకిటలాడే చర్చిని చూసి పొంగిపోయి, మా కోసం ఆగకుండా తనకు తోచిన శ్రుతిలో ఎత్తుకుంది. విక్టర్ అన్న కొట్టిన కార్డు ఆమె గొంతుతో కలవక గీరుకుంది.

“సచ్చాం. ఎక్కడుందే ఈవిడ సుతి?”

లావు తీగ మీద వేలు పెట్టి, ఆమె గొంతు తగిలేదాకా మెల్లగా పైకి జరిపాను.

“మూడు మెట్లు పైకి అన్నా. బి ఫ్లాట్.”

ఆయన చెయ్యి జరిగింది, పాట నిలబడింది. చరణాల మధ్య నా వంతు వచ్చింది. కంఠతా పట్టిన ముక్క వేలు నొక్కని ఖాళీ తీగల మీద కట్టినది, ఇక్కడ పనికిరాదు. వదిలేశాను. ఐదు స్వరాలే నమ్ముకుని, తొందరపడకుండా, ఒక తీగను పక్కకు లాగి స్వరాన్ని సాగదీసి, కార్డు మారే క్షణానికి సరిగ్గా దాని ఒళ్లో వాలాను. చప్పట్లు లేచాయి. తర్వాతి చరణం ఎత్తవలసిన పెద్దమ్మ ఎత్తకుండా చెయ్యి ఊపింది.

“ఇంకో సుట్టు కొట్టే!”

కొట్టాను. మొదటిసారి కొట్టినట్టు కాదు, ఇంకోలా. అలా కొట్టగలనని అప్పుడే తెలిసింది నాకు.

ప్రార్థన అయ్యాక విక్టర్ అన్న పెద్దమ్మతో దెబ్బలాడితే, “నానెత్తిందే సుతి. ఎవులైనా నా ఎనకే రావాల,” అంది. ఆయన ఇటు తిరిగి, “ఆ మెట్ల సంగతేటో నాకూ సెప్పే,” అన్నాడు.

ఆ గ్రంథాలయం గది ఇప్పుడు లేదు. చర్చిలో కీబోర్డు శ్రుతి ఇచ్చేదాకా ఎవరూ నోరు విప్పరు. గడువు దాటినా పుస్తకాన్ని మళ్లీ నా పేరునే రాసిచ్చిన లైబ్రేరియన్ సూర్యారావు గారికి, అడిగి నేర్చుకునే పెద్దమనసున్న విక్టర్ అన్నకు, తన శ్రుతి వదలని రత్నమ్మ పెద్దమ్మకు నా కృతజ్ఞతలు. ఆ తర్వాతి ఆదివారమే కంజీరలు కింద పెట్టి, ‘మాకూ నేర్పు’ అంటూ మా వరండాలోకి వచ్చి కూర్చున్న సునీతకు, గ్రేసుకు కూడా.