అత్త దీవెన

మా మ్యూజియం నిండా ఒక్క మనిషి సామానే. పాప్ పాటలు పాడి ఊళ్ళకు ఊళ్ళను గంతులు వేయించిన అతన్ని జనం ‘పిచ్చుక’ అనేవారు. గుమ్మం దగ్గర టికెట్లు చించేది నేను. లోపలికి వెళ్ళినవాళ్ళు మెరుపుల కోటు పక్కన ఫోటో దిగుతారు. గాజుపెట్టెలో బూట్లు చూసి “ఇంత చిన్న పాదాలా!” అంటారు. బయటికి వచ్చాక బాత్రూం ఎక్కడని నన్నడుగుతారు. కానీ అందరూ చెప్పుకుని నవ్వేది మొదటి గది గురించే.

ఆ గదిలో పాత కుట్టుమిషను ఒకటుంది. పక్కనున్న మీట నొక్కితే పిచ్చుక చిన్నప్పటి టేపు వినిపిస్తుంది. మిషను చప్పుడు మధ్య పసివాడు కూనిరాగం తీస్తుంటాడు. అంతలో ఒక ఆడగొంతు విరుచుకుపడుతుంది: “నీ నోరు పడిపోను! నీ గోలలో పడి గుడ్డ అడ్డంగా కుట్టేశాను కదరా!” పిల్లాడు ఆపడు. తిట్టు కిందే రాగం తీస్తూ ఉంటాడు. టేపు అయిపోతుంది. గోడమీద బోర్డు: ‘అత్త దీవెన’. ఆ పేరు పిచ్చుక పెట్టిందే. ప్రతి కచేరీలోనూ ఆ తిట్టు అనుకరించి, “ఇదండీ మా మేనత్త దీవెన” అని జనాన్ని నవ్వించేవాడట.

ఆ మేనత్త బతికే ఉంది. తల్లీతండ్రీ లేని పిల్లాణ్ణి ప్యాంట్లు పొట్టి చేసీ, జిప్పులు మార్చీ పెంచిన మనిషి. వారం వారం అందరిలా టికెట్ కొనుక్కుని వచ్చి మొదటి గదిలో ఓ మూల నిలబడేది. తనెవరో ఎవరికీ చెప్పుకోలేదు. “చూసి చించమ్మాయ్, వంకరపోతోంది!” అని నన్ను కసిరిన రోజున ఆ గొంతు ఎక్కడిదో నాకు తెలిసిపోయింది.

“వినలేక చెవులు మూసుకుంటారు. మళ్ళీ ఎందుకొస్తారత్తా?” అని ఒకసారి అడిగాను.

“వాడికి ఆఖర్న ఏమైందో తెలుసుగా?”

తెలుసు. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అన్ని పాటలు పాడినవాడు మంచినీళ్ళు కూడా కళ్ళతోనే అడిగి, అలాగే పోయాడు.

“నేనన్నట్టే వాడి నోరు పడిపోయింది. పైన తథాస్తు దేవతలుంటారని తెలిసి కూడా అన్నాను. నా నాలుక మీద మచ్చ ఉందేమో చూడమ్మాయ్,” అంటూ ఆ పెద్దావిడ నా ముందు నాలుక చాపింది.

చూశాను. “టీ మరక తప్ప ఏం లేదత్తా,” అన్నాను. ఆమె నవ్వలేదు. తిట్టు లేని ఇల్లు ఎక్కడైనా ఉందా? మా అమ్మ నన్ను ‘చచ్చినదానా’ అని పిలిచే అన్నం పెట్టేది. నేను గుండ్రాయిలా ఉన్నాను. అదే చెప్పాను. చెవిన పెట్టలేదు.

ఒకనాడు మీట నొక్కిన ఒకామె నవ్వి, వెంటనే నిట్టూర్చింది. “ఏం రాక్షసి నోరండీ! అందుకే పాపం, ఆఖరికి అలా అయింది.” అత్త గోడకు ఆనుకుని మెల్లగా కూలబడిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళాను.

“జనం వచ్చేదే దానికోసం,” అన్నాడాయన.

“తిట్టైనా తీసేయండి సార్.”

“ఎలా తీస్తాం? పాటా తిట్టూ ఒకదాని మీద ఒకటున్నాయి. ఒకటి తీస్తే రెండోది కూడా పోతుంది.”

నేను వదల్లేదు. నా నోటికి జడిసి, కొన్నాళ్ళు ఆపి చూద్దామన్నాడు. మీట మీద కాగితం అంటించాను.

మరుసటి వారం అత్త వచ్చింది. గొప్ప పని చేశానని నేను వెనకే నడిచాను. ఆమె మిషను దగ్గరికి వెళ్ళి మీట మీది కాగితం చూసింది.

“వాడేడమ్మాయ్?” అంది.

“ఎవరత్తా?” అన్నాను.

“పెద్దయ్యాక పాడినవి ఊరందరి దగ్గరా ఉన్నాయి. చిన్నప్పటి గొంతు ఇదొక్కటే. నా తిట్టు కిందే ఉన్నాడు వాడు. దాన్ని ఆపితే వాణ్ణి కూడా ఆపినట్టే. పెట్టించమ్మా.”

నా చేత్తో అంటించిన కాగితం నేనే పీకాను. అప్పటికే గదిలోకి ఓ గుంపు వచ్చి చేరింది. ఒక కుర్రాడు మీట నొక్కాడు. మిషను చప్పుడు, దాని మీద పసిగొంతు. అత్త ఈసారి చెవులు మూసుకోలేదు. తిట్టు రాబోయే చోటు ఆమెకు తెలుసు. దాని మీద పడేలా గొంతెత్తింది: “నిండు నూరేళ్ళు పాడరా నాన్నా, నిండు నూరేళ్ళు...”

“ష్! కాసేపు ఊరుకోండి పెద్దమ్మా,” అన్నాడా కుర్రాడు, “అసలైన ముక్క ఇప్పుడే వస్తుంది.”