నూనె గిన్నెలో చూసిన ముఖం

మూల నక్షత్రంలో పుట్టానని మా నాయిన ఆరు నెలలు నా ముఖం చూడలేదు. చూస్తే తండ్రికి గండమట. చివరికి శాంతి చేయించి, కంచు గిన్నెలో నూనె పోయించి, అందులో నా నీడ చూశాక గాని నన్ను ఎత్తుకోలేదు. ఈ కథను ఇరవై ఏళ్లుగా హేతువాద సభల్లో చెబుతున్నాను. ఆయన ముందు వరుసలో కూర్చున్న రోజున కూడా చెప్పాను. జనం నవ్వారు.

నా కూతురూ అదే నక్షత్రంలో పుట్టింది. నాయిన బతిమాలుతున్నా వినకుండా, పుట్టిన గంటలోనే, సభ మిత్రులను నలుగురిని పక్కన నిలబెట్టుకుని దాని ముఖం చూశాను. "చూసిన. సచ్చిననా?" అన్నాను. గెలిచాను. గెలిచాక ఇక అక్కడ నాకు పనేముంది? పాప ఏడిస్తే తలుపు వేసుకుని రాసుకున్నాను. ఎత్తుకున్నదీ, తినిపించిందీ నాయినే. చూపుతో కీడు లేదని నిరూపించిన నేను, చూపు ఒక్కటే బిడ్డకు చాలదని ఎన్నడూ ఆలోచించలేదు.

పోయిన నెల శామీర్‌పేటలో మా గడప తగిలి పాప నుదురు చిట్లింది. దానికి రెండేళ్లు. నా భార్య డ్యూటీలో ఉంది. నాయినా నేనూ ఆటోలో మేడ్చల్ ఆసుపత్రికి తీసుకెళ్లాం.

"పిల్ల తండ్రెవరు? లోపలికి రా, కదలకుండ పట్టుకో," అంది నర్సు.

పట్టుకున్నాను. పాప కర్రలా బిగుసుకుపోయింది. రెండు అరచేతులతో నా ముఖాన్ని నెట్టేస్తూ "తాతా" అని కేకలు పెట్టింది.

"ఏందన్నా, దొంగెత్తుకపోతున్నట్టు మొత్తుకుంటాంది! ఇంట్ల ఉండవా?" అంది నర్సు.

"ముసలాయన గారాబంతో చెడగొట్టిండు. ఏడ్వనీ, మీరు కుట్లేయండి," అన్నాను.

"గిట్ల కొట్టుకుంటే సూది కంట్ల దిగుతది. నువ్వు బయటికి పో, తాతను తోలు," అన్నాడు డాక్టరు.

వెళ్లాను. తలుపు అద్దంలోంచి చూశాను. నాయిన దాని చెవిలో ఏదో చెబుతుంటే పాప మూడు కుట్లూ వేయించుకుంది.

తిరుగు ఆటోలో ఉండబట్టలేక అన్నాను: "దాన్ని నాకు కాకుండ జేసినవ్."

నాయిన పాప తలకు గాలి తగలకుండా తువ్వాలు కప్పాడు.

"నీ ముఖం ఆర్నెల్లు చూడలే బిడ్డా. తప్పే. నాకు భయముండె. నీకేముండె?"

ఇల్లు చేరాక పాప కళ్లు తెరిచి నన్ను చూసింది. చేతులు చాచలేదు. నేనూ చాచలేదు.

పోయిన ఆదివారం అల్వాల్ సభలో నూనె గిన్నె కథే చెప్పమన్నారు. చెప్పాను. జనం నవ్వారు.