తీసేయించుకున్న పది రోజులు

బేరంలో ఒక సూత్రం ఉంది. అమీర్‌పేటలో మా నాన్నకు మ్యాచింగ్ సెంటర్ ఉండేది. లైనింగులూ, ఫాల్సులూ, జాకెట్టు ముక్కలూ అమ్మేవాడు. గల్లా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి ఆ సూత్రం నాకు నేర్పాడు. "అడగంగనే సరే అన్నడంటే బిడ్డా, అవతలోడు గెలిచిండు, నువ్వు ఓడినవ్." పోయిన ఏడాది కొట్టు మూతపడింది. సూత్రం మాత్రం నా దగ్గర భద్రంగా ఉందనుకున్నాను.

కొట్టు పోయాక నాకు ఉద్యోగం కావలసి వచ్చింది. పంజాగుట్టలో ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో ఖాళీ ఉందన్నారు. నడిచి వెళ్లే దూరం. డిగ్రీ మధ్యలో వదిలేసి, నలభైకి దగ్గర పడుతున్న నాలాంటిదానికి అంతకంటే మంచిది దొరకదు. ఒక్కటే అడ్డం, ఇంగ్లీషు.

అమీర్‌పేటలో ఇంగ్లీషుకు కరువా? ఒక జిరాక్స్ షాపు మీద మూడో అంతస్తులో క్లాసు దొరికింది. చెప్పే మేడం గుంటూరు వైపు మనిషి. నలభై రోజుల కోర్సు. అందులో మొదటి పది రోజులు ఉత్త శబ్దాలేనట. ఏ అచ్చు పొట్టిగా పలకాలి, ఏది సాగదీయాలి, అంతే. నాకు నవ్వొచ్చింది.

"మేడం, చీర కొంటే డబ్బాకు సుత పైసలు కట్టాల్నా? గా పది రోజులు తీసేయుండ్రి. ముప్పై రోజుల ఫీజే చెప్పుండ్రి."

"సరేనండి," అందావిడ.

మెట్లు దిగుతుంటే ఈల వేయడం ఒక్కటే తక్కువ. నాన్న సూత్రం ఆ మూడంతస్తుల్లో ఒక్క మెట్టు మీద కూడా గుర్తుకు రాలేదు.

ముప్పై రోజులు అయిపోయాక, ఒక బుధవారం ఇంటర్వ్యూకు వెళ్లాను. ఆసుపత్రి మేనేజరు ఒక ఇంగ్లీషు కాగితం ఇచ్చి చదవమన్నాడు. నేను చదువుతుంటే తన ఫోన్‌లో రికార్డు చేసి, తర్వాత నాకే వినిపించాడు. దాని వెంటే, ఆసుపత్రి వాళ్లు అది ఎలా పలకాలో చదివి పెట్టిన రికార్డు కూడా.

రెండూ విన్నాక తప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. చెమటను నేను ‘స్వీట్’ అన్నాను. అది ‘స్వెట్’ అట. ఊపిరిని ‘బ్రీత్’ చేశాను. అక్కడ ‘బ్రెత్’ అనాలట. పాదాన్ని ‘ఫూట్’ అని ఆ గోడ నుంచి ఈ గోడ దాకా సాగదీశాను. తడబాటు లేదు, సందేహం లేదు. రంగు వెలిసే బట్టను గ్యారంటీ అని అంటగట్టే గొంతు. అది నాదే.

"మాట మంచిగుంది మేడం, మీకు భయం లేదు," అన్నాడతను. "కానీ గిట్ల చెప్తే ఫోన్ల ఉన్నోళ్లు పరేషాన్ అయితరు. సోమవారం దాంక పోస్టు ఆపుత. వచ్చి మళ్ల చదువుండ్రి."

అక్కణ్నుంచి అమీర్‌పేట దాకా నడిచి, ఆ ఊపులోనే మూడంతస్తులు ఎక్కాను.

"గట్లెట్ల ఒప్పుకున్నరు మేడం? వద్దని ఒక్క మాట చెప్పొద్దా?"

"మీరు నన్ను చెప్పనిస్తేగా," అందావిడ తాపీగా. "వచ్చిన వాళ్లలో సగం మంది ఆ పది రోజులే తీసెయ్యమంటారు. డబ్బా వద్దన్నారుగా. చీర అందులోనే ఉండిపోయిందండీ."

బెంచీ మీద కూలబడ్డాను. ఇక బేరం ఆడలేదు.

పది రోజుల చదువును నాలుగు రోజుల్లో కుక్కడం మొదలైంది. మన తెలుగులో గుడి పెడితే పొట్టి, గుడిదీర్ఘం పెడితే పొడుగు. చీటీ అంటించిన సరుకు, చూసి చెప్పెయ్యొచ్చు. ఇంగ్లీషు కొట్టులో చీటీల్లేవు. అవే రెండు ‘ఓ’లు ‘ఫూడ్’లో సాగుతాయి, ‘ఫుట్’లో ముడుచుకుంటాయి. కొన్ని మాటల చివర ‘ఈ’ అనే అక్షరం నోరు మెదపకుండా కూర్చుంటుంది. ఊరికే తిని కూర్చునేదనుకున్నాను ఇన్నేళ్లూ. ముందున్న ‘హాప్’ను ‘హోప్’ చేసేది అదేనట.

"మరి ఎట్ల తెలుస్తది మేడం?"

"కొన్నిటికి లెక్కుంది. మిగతావి అడిగి తెలుసుకోవడమే."

నాన్న బట్టల తాను అంచు మీద కొన్న ధరను పెన్సిలు గీతల్లో రాసేవాడు. మా ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. నేనూ ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న కాగితం మీద అలాగే గీతలు పెట్టాను, పొట్టిదానికి ఒకటి, పొడుగుదానికి రెండు. ఆదివారానికి కళ్లు మూసుకుని చదివే స్థితికి వచ్చాను.

సోమవారం మేనేజరు వేరే కాగితం ఇచ్చాడు.

అటూ ఇటూ తిప్పి చూశాను. ఒక్క గీత లేదు. మొదటి వాక్యం మెల్లగా దాటాను. రెండో వాక్యంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. పోయిన బుధవారమైతే గట్టిగా ఏదో ఒకటి అనేసేదాన్ని.

"సార్, ఇది పొట్టిదా, పొడుగుదా?"

అతను తలెత్తి చూశాడు. "పొట్టిది."

ఇంకో రెండు చోట్ల కూడా అడిగాను. చదవడం అయిపోయింది.

"ఫోన్ల సుత, తెల్వకపోతే గిట్లనే అడుగుతరా?"

"అడుగుత సార్. మాది బట్టల దుకాణం, పుట్టినకాడికెల్లి అడుగుడే మా పని."

అతను మొదటిసారి నవ్వాడు. "రేపటి సంది రాండ్రి. ఏ షిఫ్ట్ కావాలె?"

"పొద్దటిది," అన్నాను, బేరానికి నడుం బిగించి. సాయంత్రం మా పిల్లను బడి నుంచి తెచ్చుకోవాలి, అదొక కారణం. అతను వినకపోతే వారానికి రెండు సాయంత్రాలు వదులుకోవడానికి కూడా లోపల సిద్ధపడే ఉన్నాను.

"సరే," అన్నాడతను. అడగంగనే.

కిందికి దిగి పంజాగుట్ట మెట్రో మెట్ల పక్కన చాలాసేపు నిలబడ్డాను, ఈసారి ఏం తీసేయించుకున్నానో అనుకుంటూ.