దిష్టిబొమ్మకు టై కట్టిన మేస్త్రి

మా నాయన చదివింది అయిదో తరగతి, చేసేది కట్టడాల మేస్త్రి పని. ఆయన మనసు మాత్రం ఎప్పుడూ విదేశాంగ శాఖలోనే ఉండేది. గుడియాత్తంలో మా వీధి చివర టీ కొట్టు ముందు బెంచీ మీద ఆయన కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడంటే, సరిహద్దులో సైన్యం ఎక్కడ నిలబడాలో, సముద్రంలో పరాయి పడవ కనబడితే ఏం చెయ్యాలో టీ చల్లారేలోపు తేలిపోయేది. మా వాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అందుకని పేపరు తమిళంలో చదివి తెలుగులో పోట్లాడుకునేవాళ్లు.

ఆ పోట్లాటలో నాయనకు ఎదురు నిలిచేది మా మామ, అంటే అమ్మ తమ్ముడు. మామకు లుంగీలు నేయించే వ్యాపారం. విదేశీ కంపెనీలకు మన దేశం తలుపులు తీస్తోందని పేపర్లు రోజూ రాస్తున్న కాలం అది. మామకు ఆ వార్త తేనెలా ఉంటే, నాయనకు కారం రాసినట్టుండేది.

"వాడు లోపలికి వచ్చినాడంటే మళ్లా బయటికి పోతాడా? ముందు వచ్చినోళ్లు ఎంత కాలం ఉండిపోయినారో మరిచిపోతివా?" అనేవాడు నాయన.

"వాడు వస్తే మనమూ పోవచ్చు కద బావా. మన లుంగీ అన్ని దేశాలకూ పోతాది."

"పోతాది, పోతాది. వాడు ప్యాంటు మీద కట్టుకుంటాడా నీ లుంగీ?"

టీ కొట్టంతా నవ్వేది. మామ ముఖం మాడ్చుకుని వెళ్లిపోయేవాడు, మరునాడు మళ్లీ అదే బెంచీ దగ్గర హాజరయ్యేవాడు.

ఆ ఏడాది మామ తన మగ్గాల కొట్టం ముందున్న జాగాలో ఇల్లు మొదలుపెట్టాడు. మేస్త్రి ఇంకెవరు, నాయనే. విరించిపురం నుంచి ఇసుక వచ్చింది, గోడలు లేచాయి. గోడలు లేస్తే దిష్టిబొమ్మ కట్టాలి. గడ్డి కూరి, పాత బట్టలు తొడిగి, తలకు కుండ పెట్టి వాకిలి పైన వేలాడదీస్తే, చూసేవాళ్ల చెడ్డ కన్ను ఇంటికి తగలకుండా బొమ్మకు తగులుతుంది. నాయన ఈ పనిలో కూడా తన విదేశాంగ విధానాన్ని వదల్లేదు. వేలూరు సంతలో పాత కోటు కొని తెచ్చాడు. కుండకు తెల్లగా సున్నం కొట్టాడు. మెడకు టై కట్టి, నెత్తిన దొరటోపీ పెట్టి, దేశానికి పట్టిన దిష్టి ఇదేనని అందరికీ చూపించాడు. మామ కూడా కడుపు పట్టుకుని నవ్వాడు.

మామ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. లుంగీలు అమ్ముడుపోవడం తగ్గింది. నేసేవాళ్లు ఒక్కొక్కరే మగ్గం వదిలి అగ్గిపెట్టెల పనికి వెళ్లిపోతున్నారు. ఇక కొట్టానికి తాళం వేయడమే అనుకుంటుండగా, మద్రాసుకు వచ్చిన ఒక పరదేశీ వ్యాపారి మగ్గాలు చూడ్డానికి వస్తానని కబురు పంపాడు. కొట్టంలోకి వెళ్లాలంటే కొత్తింటి వాకిలి దాటే వెళ్లాలి. వాకిలి పైన టై కట్టుకున్న ఆయన వేలాడుతున్నాడు.

"బావా, నీ కాళ్లు పట్టుకుంటా, దాన్ని దించు," అన్నాడు మామ.

"గృహప్రవేశం కాకముందే దించితే ఇంటికి కీడని నీకు తెలీదా?"

తెలుసు. తెలుసు కాబట్టే దాన్ని ముట్టుకునే ధైర్యం మామకూ లేదు. పోనీ గోనెసంచి కప్పుదామన్నాడు.

"కండ్లు మూసేస్తే ఎవరి దిష్టి ఆపుతాది అది?"

చర్చలు మా ఇంటి వసారాలో సాయంత్రమంతా సాగాయి. చివరికి అమ్మ గరిటెతో బయటికి వచ్చి, "మీరు తెగ్గొట్టుకునేదాకా రెండు దేశాలకూ సంగటి లేదు," అని ఆంక్షలు విధించింది. అయినా ఎవరూ దిగి రాలేదు.

మరునాడు పొద్దున చెప్పిన వేళకంటే ముందే పరదేశీ కారు వీధి మలుపు తిరిగింది. వేలూరు కాలేజీలో చదువుతున్నానని ఇంగ్లీషు మాట్లాడే పని నాకు అప్పగించారు. మామ గంజి పెట్టిన చొక్కాలో నిలబడ్డాడు. ఆయన ఒకసారి బొమ్మనూ ఒకసారి కారునూ చూడడం, గోడ పనికి కర్రలతో కట్టిన సారవ మీదున్న నాయనకు కూడా కనబడినట్టుంది. ఒక్క క్షణం చూశాడు. తర్వాత బొమ్మకున్న కోటు, టై, టోపీ లాగి పారేశాడు. ఒట్టి గడ్డిని వదిలేయలేక తన చొక్కా విప్పి దానికి తొడిగాడు. తడి గోనెతో సున్నం తుడిచేసి, బొగ్గుతో ఇంత లావు మీసం గీసి కిందికి దిగాడు. గీసింది అచ్చం తన మీసమే!

పరదేశీ వాకిట్లో ఆగిపోయాడు. పైకి చూశాడు, కింద చొక్కా లేకుండా నిలబడ్డ నాయనను చూశాడు. అదెవరని నన్ను అడిగాడు. నేర్చుకున్న ఇంగ్లీషంతా ఎగిరిపోయి, మామను చూపించి, "ఈయన బావ," అనేశాను. తర్వాత మాటలు కూడదీసుకుని, ఈ ఇంటికి తగలాల్సిన చెడంతా తన మీద వేసుకుంటాడని కూడా చెప్పాను.

పరదేశీ నవ్వి నాయనకు చెయ్యి అందించాడు. అంతలో ఆయన చూపు నాయన కట్టుకున్న లుంగీ మీద పడింది. వంగి అంచు పట్టుకుని చూశాడు. మామ మగ్గం మీద నేసిందే.

నాయన ఆగలేకపోయాడు. "చెప్పమ్మా! ఇది రోజూ సున్నంలో, సిమెంట్లో నానే లుంగీ. రంగు ఏమన్నా పోయినాదా చూసుకోమను. ఇట్లాంటిది వాళ్ల దేశంలో యాడన్నా ఉండాదేమో అడుగు!"

నేను అంతా చెప్పాను. పరదేశీ కొట్టంలో చాలాసేపు మగ్గాలు చూసి, సరుకు కావాలని చెప్పే కారెక్కాడు.

కారు వెళ్లిపోయాక మామ నాయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాడు. నాయన విసుక్కున్నాడు. "ఏడుపెందుకప్పా? నూలు బాగా చూసి వెయ్యి. రంగు దిగినాదని వాడొక్క మాట అంటే, పోయేది నీ పేరు గాదు, మన దేశం పేరు."

బొమ్మను ఒట్టి గడ్డిగా వదలకూడదు కాబట్టి, గృహప్రవేశం దాకా నాయన చొక్కా దాని మీదే ఉండాలి. ఎండ అప్పుడే చుర్రుమంటోంది. మామ తన గంజి చొక్కా విప్పి ఆయనకు ఇవ్వబోయాడు.

"వద్దు, నువ్వే ఉంచుకో," అన్నాడు నాయన, తాపీ అందుకుంటూ. "ఆయన మళ్లా వస్తాడు కదా, అప్పుడు నీకు కావాల."