తిప్పుకోవడం

మొన్న నంద్యాల రోడ్డు పక్క నర్సరీలో వంగనారు కొంటుంటే, తడిమట్టి వాసనతో పాటు అక్కడి అమ్మాయి మాట కూడా నన్ను ఆపేసింది. "నాటినాక వాడిపోయినాయని భయపడొద్దక్కా. నాలుగు దినాలకు తిప్పుకుంటాయి."

నాకు ఆరేళ్లప్పుడు, పిల్లల్లేని మా పెద్దమ్మ దగ్గర నన్ను ఆళ్లగడ్డలో దించి అమ్మ చాగలమర్రి బస్సెక్కింది. ఇక నేనుండేది అక్కడేనని ఎవరూ చెప్పలేదు. పెద్దనాయన విసుక్కున్నాడు. "ఏందీ, ఈ పిల్ల పొద్దన్నుంచీ ఏడుస్తానే ఉండాది?"

పెరట్లో మడిలోని వంగనారు పీకి సాళ్లలో నాటుతున్న పెద్దమ్మ తలెత్తకుండానే అంది. "నాలుగు దినాలు కానీ, తిప్పుకుంటది."

అమ్మ నన్ను వెనక్కి తిప్పుకుంటుందని అనుకున్నాను. ఏడుపు ఆపేశాను. గౌన్లు సంచిలో సర్దుకుని రోజూ గేటు దగ్గర నిలబడ్డాను. గడియ నాకు అందేది కాదు. కమ్మీల తుప్పు అరచేతులకు అంటుకునేది. వెనక వంగమొక్కలు నేలకు వాలిపోయి ఉండేవి.

నాలుగోరోజు పొద్దున పెరట్లోంచి పెద్దమ్మ కేకేసింది. "మ్మే, వచ్చి చూడు, తిప్పుకున్యాయి!"

సంచితో పరుగెత్తాను. అమ్మ లేదు. మొక్కలన్నీ తలలెత్తి నిలబడి ఉన్నాయి. పెద్దమ్మ నా చెంపకంటిన తుప్పు తుడిచి, "నువ్వూ తిప్పుకుంటివి, ఏడుపే మానేస్తివి" అని మురిసిపోయింది.

ఆ మధ్యాహ్నం ఒక మొక్కను పీకి, దాని పాత మడిలోనే గుచ్చి నీళ్లు పోశాను. అదొక్కటే తిప్పుకోలేదు.

ఏడాది తర్వాత సెలవులకు అమ్మ దగ్గరికి పోయినప్పుడు, రెండో రోజుకే ఆళ్లగడ్డ పోదామని ఏడ్చాను.