అత్త చెప్పగా నేను రాసిన తీర్పు

ప్రొద్దుటూరులో మేం పదిమంది పుస్తకాల పిచ్చోళ్ళం కలిసి వాట్సాప్‌లో ఒక గుంపు పెట్టుకున్నాం. నెలాఖరుకల్లా ఎవరేం చదివారో, టీవీలో ఏం చూశారో నాలుగు మాటలు రాయాలని నియమం. ఈ నెల నా వంతుకు ఒక హత్యల సిరీస్ తప్ప ఏమీ మిగల్లేదు. ఎనిమిది భాగాలూ కదలకుండా చూశాను గానీ రెండు రోజులు తిరిగేసరికి అందులో ఒక్క మొహమూ గుర్తులేదు. దాని గురించి రాయడానికి సిగ్గేసి, పాత పుస్తకం ఏదైనా ఆదుకుంటుందేమోనని బీరువా తెరిస్తే, క్యాలెండరు కాగితంతో అట్ట వేసిన నవల ఒకటి చేతికొచ్చింది. ఆ అట్ట వేసింది మా మేనత్త. చివరి ఖాళీ పేజీలో పెన్సిలుతో ఆమె అభిప్రాయం ఉంది. చేతిరాత మాత్రం నాది. అది చూశాక ఫోను పక్కన పెట్టేశాను.

అత్త జమ్మలమడుగులో మిషన్ బడి టీచరుగా రిటైరై, ఆ ఊళ్ళోనే రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండేది. పుస్తకం ముగిస్తే చాలు, పొయ్యి మీద ఏం మాడుతున్నా సరే, ముందు చివరి పేజీలో తీర్పు రాయాల్సిందే. ఎప్పుడూ పెన్సిలే. రెండోసారి చదివితే మనసు మారొచ్చు, పెన్నుతో రాస్తే పుస్తకానికి అన్యాయం చేసినట్టు అనేది. ఒక లావుపాటి నవలకు మూడుసార్లు చెరిపి రాసింది కూడా. టీవీ సీరియళ్ళకు చివరి పేజీ ఉండదు, అసలు చివరే ఉండదు గనుక వాటి తీర్పులు గోడ క్యాలెండరు గళ్ళలో పడేవి. ‘మూడు నెలలాయె, ఈ ఇంట్లో ఎవురూ అన్నం వండలే’ అని ఒక గడిలో, ‘అత్తా కోడలూ మెట్లు దిగడం ఈ వారం కూడా పూర్తి కాలే’ అని ఇంకో గడిలో. పాలు పోయడానికి వచ్చినామె ఆ గళ్ళు చదివించుకుని నవ్వుకుంటూ పోయేది. మా సీమ మీద తీసే సినిమాలంటే మాత్రం అత్తకు మండిపోయేది. జీపులు గాల్లోకి లేచినందుకు కాదు. “సచ్చినోళ్ళు శానామంది ఉండారు, ఏడ్సేటోళ్ళు ఒక్కరూ లేరు. అందరికీ అంత తొందర పనులు ఏముంటాయప్పా?” అనేది.

ఆ మాట వెనక పులివెందుల ఉంది. అత్త కాపురం పెట్టింది అక్కడే. పెళ్ళయిన రెండో ఏడు, నడి ఎండాకాలంలో మామ పోయాడు. పూడ్చిపెట్టి వచ్చిన చుట్టాలు చెప్పులైనా విడవకుండా, నాలుగు గంటల బస్సు తప్పిపోతుందని లేచారట. ఆ బస్సులో మా నాయన కూడా ఉన్నాడు. సాయంత్రానికి ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలింది. ఆ తర్వాత ఏ పుస్తకానికైనా ఆమె పెట్టే పరీక్ష ఒకటే. మనిషి పోయాక రచయిత ఆ ఇంట్లో ఎంతసేపు కూర్చున్నాడనేదే. నాకు తెలిసి ఆ పరీక్షలో ఏ పుస్తకానికీ పూర్తి మార్కులు పడలేదు.

చివరి రెండేళ్ళలో చక్కెర జబ్బు ఆమె చూపు తినేసింది. సీరియళ్ళను విని సరిపెట్టుకునేది గానీ పుస్తకాలకు నేనే దిక్కు. ఆదివారం ఆరాధన ముగిసే వేళకు జమ్మలమడుగు చేరి, ఆమె పెట్టిన జొన్నరొట్టె, చెనక్కాయలు నూరి చేసిన ఊరిబిండి తిని, చదవడానికి కూర్చునేవాణ్ణి. ఒక్క మాట కూడా దాటకూడదు. అది మా ఇళ్ళలో కుటుంబ ప్రార్థన నుంచి వచ్చిన అలవాటు. చిన్నప్పుడు వంతులవారీగా బైబిలు వాక్యం చదివేటప్పుడు వంశావళులొచ్చేవి. నోరు తిరగని ఆ పేర్లను మింగేసి ముందుకు పోబోతే అత్త ఆపేది. “పేరు దాటితే ఆ మనిషి పుట్టనట్టే కదప్పా. మళ్ళా సదువు.” అంత గట్టిగా తయారైన నోరు నాది.

ఇప్పుడు బీరువాలో దొరికిన ఈ నవలలో ఒక ఇల్లాలి మొగుడు చనిపోతాడు. ఆ తర్వాత ఇరవై పేజీలు ఆ ఇంటి గురించే. ఆ ఆదివారం ప్రొద్దుటూరులో మా ఇంటికి చుట్టాలు వస్తున్నారు, నాలుగు గంటల బస్సు అందుకోవాలి. గడియారం చూసి ఆ ఇరవై పేజీలూ ఒక్కసారే తిప్పేశాను. ఆమె గాయం రేపడం ఎందుకులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం, బస్సు కోసమే తిప్పాను. కథ ముగిశాక అత్త నా వైపు తిరిగింది. “అంతేనాప్పా, ఇంగేమీ లేదా?” అని అడిగింది. “లేదత్తా, అయిపాయ” అన్నాను. పెన్సిలు తీసుకోమంది.

“రాయి. భాష శానా బాగుండాది. కానీ మొగుడు పోయిన ఇంట్లో ఈయప్ప ఒక పూటన్నా కూసోలేకపాయ. పూడ్సినాడు, బస్సెక్కి పోయినాడు.”

ఒక్క మాట దాటకుండా రాశాను. బస్సు కూడా అందింది. వచ్చే ఆదివారం నిజం చెప్పి, ఆ పేజీలు చదివి, తీర్పు చెరిపించుకోవాలనుకున్నాను. గురువారం ఆమెను కడప ఆస్పత్రిలో చేర్చారు. శనివారానికి లేదు. పూడ్చిన రోజు నేను నాలుగు గంటల బస్సెక్కలేదు. పొద్దు గూకేదాకా ఆ ఇంట్లోనే కూర్చున్నాను. ఎవరికి పనికొచ్చింది ఆ కూర్చోవడం?

ఇన్నేళ్ళకు ఈరోజు ఆ ఇరవై పేజీలు చదివాను. పూడ్చి వచ్చిన చుట్టాలు బండ్లు కట్టుకుని వెళ్ళిపోతారు. ఇల్లాలు ఒక్కతే మిగులుతుంది. దండెం మీద మొగుడి తువ్వాలు తీయదు, కుండలో నీళ్ళు మార్చదు, వాకిలి వెయ్యదు. రచయిత ఆమె పక్కనే ఇరవై పేజీలు కూర్చున్నాడు, దగ్గనైనా దగ్గకుండా. ఇల్లంతా నిండిన పుస్తకాల్లో అత్త జీవితమంతా వెతికిన పేజీలవి. నా వేలి కింద నుంచి దాటిపోయాయి.

మనవరాలి రబ్బరు తెచ్చి చాలాసేపు పట్టుకు కూర్చున్నాను. చెరిపితే అత్త చివరి తీర్పు పోతుంది. ఉంచితే ఏ పాపం ఎరుగని రచయిత మీద నా అబద్ధం నిలుస్తుంది. రబ్బరు తిరిగి డబ్బాలో వేశాను. మనసు మార్చుకునే మనిషి ఉన్నంత వరకే అది పెన్సిలు రాత, ఆ తర్వాత కాలం దాన్ని రాతి మీదికి ఎక్కిస్తుంది.