నాలుగు భాషల్లో ఆకలి

కడప జిల్లాలో నేను ఉపాధ్యాయ శిక్షణకు చేరిన స్కూల్లో ఒక చెక్కముక్క ఉండేది. అరచేతిలో పట్టేంత. ఇంగ్లీషు గంటలో ఎవరి నోట తెలుగు మాట వస్తే వాడి జేబులోకి అది చేరేది. వాడు ఇంకొకడి నోట తెలుగు పట్టుకుంటే అది ఆ ఇంకొకడికి మారేది. సాయంత్రం బడి వదిలేటప్పుడు చెక్క ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు వరండా ఊడవాలి. మేం పిల్లలం కాదు. అందరం పద్దెనిమిది దాటినవాళ్ళం, కొందరికి పెళ్ళిళ్ళు కూడా అయ్యాయి. ఏడాది తిరిగితే పల్లె బళ్ళలో పంతుళ్ళం కావలసినవాళ్ళం. ఆ వరండా అందరికంటే ఎక్కువసార్లు ఊడ్చింది నేనే.

దానికి కారణం ఉంది. మాది కర్నూలు జిల్లా పడమటి అంచున మగ్గాల ఊరు. ఇంట్లో కన్నడం, అంగట్లో తెలుగు, పక్కవీధి సాయిబులతో ఉరుదూ. కోపం వస్తే నోటికి ఏది ముందొస్తే అదే. పైగా నేను అంతకు ముందు రెండేళ్ళు మద్రాసులో సర్వే, డ్రాయింగు చదివి, ఆ పని దొరక్క పంతులు పనికి వచ్చినవాణ్ణి. సర్వే నేర్పినాయన ఒక మాట చెప్పేవాడు: కొలత తప్పితే నేలను తిట్టొద్దు, ఎంత తప్పిందో రాసుకో. ఆ అలవాటు నన్ను వదల్లేదు. వరండా ఊడ్చి వచ్చి ఒక నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీసుకున్నాను. తప్పుగా అన్న ఇంగ్లీషు వాక్యం, అన్నవాడి ఇంటి భాష, ఏ సందర్భంలో అన్నాడు, సరిదిద్దాక మళ్ళీ అదే తప్పు చేశాడా లేదా. పేర్లు రాయలేదు. నా తప్పులు కూడా అందులోనే రాసుకున్నాను.

మొదటి నెలలోనే ఒక విచిత్రం కనబడింది. హాస్టల్లో నా పక్క మంచం అతను కమలాపురం దగ్గర పల్లె నుంచి వచ్చిన క్రైస్తవుడు, వాళ్ళది కూలి కుటుంబం. ఒకరోజు అన్నం గంట కొట్టకముందు ఇంగ్లీషులో ‘టు మీ హంగర్’ అన్నాడు. వారం తిరక్కుండా కర్నూలు సాయిబు ఒకతను అదే మాట అన్నాడు. వెనక్కి తిప్పి చూస్తే నేనూ అన్నాను, మొదటి పేజీలోనే ఉంది. మూడు ఇళ్ళు, మూడు భాషలు, ఒకటే తప్పు. అంటే అది బుద్ధి తక్కువై చేసింది కాదు. మా మూడు భాషల్లోనూ ఆకలి మనిషికి వస్తుంది. ఇంగ్లీషులో ‘ఐ యాం హంగ్రీ’, మనిషే ఆకలి అవుతాడు. ఈ తేడా మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే తెలుగు మాట్లాడాలి. తెలుగు మాట్లాడితే చెక్క.

స్కూలుకు అంటి ఉన్న మాదిరి బడిలో మేం పాఠాలు చెప్పి నేర్చుకునేవాళ్ళం. ఫోర్తు ఫారంలో రెండు సెక్షన్లు ఉండేవి. ఒక సెక్షనుకు రూలు ప్రకారం అంతా ఇంగ్లీషులోనే చెప్పాను. రెండోదానికి ముందు ఇంటి మాట చెప్పించి, పక్కనే ఇంగ్లీషు మాట పెట్టి, యాడ విడిపోతాయో వాళ్ళ చేతనే చెప్పించాను. తలుపులు మూసుకునే చెప్పాను, మీ దగ్గర దాచడమెందుకు. తర్వాత రెండు సెక్షన్లకూ ఒకే పరీక్ష పెట్టాను. రెండోదే మెరుగ్గా రాసింది. కానీ ఆ సెక్షను పాఠం పొద్దున, మొదటిది అన్నం తిన్నాక. కొలతలో లోపం. అందుకని ఇంకో పాఠానికి వేళలు మార్చి మళ్ళీ చెప్పాను. ఈసారి ఇంటి మాటతో నేర్చుకున్న సెక్షను మధ్యాహ్నం నిద్రమత్తులో కూడా మెరుగ్గానే రాసింది.

లెక్కలన్నీ రాసిన నోటుపుస్తకం హెడ్మాస్టరుకు చూపించాను. ఆయన మంచివాడు, మా జిల్లాల మనిషే. అన్ని పేజీలూ చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“శానా బాగుండాదప్పా. పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. పరీక్షాధికారి ముందర మాత్రం తియ్యొద్దు.”

“నిజం కాదా సార్?”

“నిజం గాబట్టే తాళం వెయ్యమంటాండా. సర్టిఫికేట్ వచ్చినాక నీ బళ్ళో నువ్వు ఏ భాషలోనన్నా చెప్పుకో, ఎవురొచ్చి చూస్తారు?”

ఏడాది చివర పరీక్షాధికారి ముందర పాఠం చెప్పి నెగ్గితేనే సర్టిఫికేట్. అది లేకపోతే నాకు ఉద్యోగం లేదు. సర్వే చదువు ఒకసారి వట్టిపోయింది. ఇది కూడా పోతే నాయన పక్కన గుంటలో కూర్చుని మగ్గం నెయ్యడమే. ఆ సంగతి హెడ్మాస్టరుకూ తెలుసు, నాకూ తెలుసు.

పరీక్షకు ముందు సెలవులకు ఇంటికి పోయాను. నాయన అచ్చు అతుకుతున్నాడు. నేత తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అచ్చు దువ్వెన లాంటిది, పడుగు అనే నిలువు పోగులు దాని పళ్ళలోంచి ఒక్కొక్కటే దూరి వస్తాయి. చీర నేసి కోసుకున్నాక పాత పడుగు కొనను అచ్చులోంచి తియ్యరు, మూరెడు అట్లే వదులుతారు. కొత్త పడుగులోని ప్రతి పోగునూ ఆ పాత పోగుకు, వేళ్ళకు బూడిద అద్దుకుని, మెలిపెట్టి కలుపుతారు. తర్వాత మెల్లగా లాగితే కొత్త పడుగంతా పాతదాని వెంబడి అచ్చు పళ్ళలోంచి నడిచి వస్తుంది.

చిన్నప్పుడు ఒకసారి నాయనకు సాయం చేద్దామని ఆ మిగిలిన కొనను చెత్త అనుకుని కత్తెరతో శుభ్రంగా కోసి, లాగి పారేశాను. అచ్చు ఖాళీ. నాయన కొట్టలేదు. నన్ను అచ్చు ముందర కూర్చోబెట్టాడు. ఒక్కొక్క పంటిలో ఒక్కొక్క పోగు దూర్చుకుంటూ మూడు రోజులు. కళ్ళు నీళ్ళు కారాయి. “పాతది ఉండేది ఎందుకనుకున్నావు? కొత్తదానికి దోవ సూపిచ్చేకి” అన్నాడు. ఇప్పుడు బూడిద చేతులతో ఆయన మెలిపెడుతుంటే పక్కన కూర్చుని చాలాసేపు చూశాను. తాళం వెయ్యకూడదని ఆ పొద్దే నిర్ణయించుకున్నాను.

పరీక్షాధికారి సర్కారు జిల్లాల నుంచి వచ్చినాయన. బూట్లు, తలపాగా, చేతిలో జేబుగడియారం. మాదిరి బడి ఫోర్తు ఫారంలో వెనక కుర్చీలో కూర్చున్నాడు, పక్కన హెడ్మాస్టరు. నేను పిల్లల్ని అడిగాను, ఆకలైతే ఇంట్లో ఏమంటారని. ఒకడు తెలుగులో చెప్పాడు. సాయిబుల పిల్లవాడు “మేరేకు భూక్ లగ్రీ” అన్నాడు. కన్నడం వరుస నాది. మూడూ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాశాను. నాలుగో వరుస ఇంగ్లీషు. తేడా చెప్పమన్నాను. ముందు బెంచీ వాడు లేచాడు.

“మనకైతే ఆకలొస్తాది సార్. దొర తానే ఆకలైపోతాడు.”

“అందుకే మన దగ్గరికొచ్చి తింటాండాడు” అన్నాడు వెనకవాడు. క్లాసంతా నవ్వింది. హెడ్మాస్టరు దగ్గినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

పరీక్షాధికారి లేచాడు. ఇంగ్లీషు గంటలో ఇంగ్లీషే వాడాలన్న నిబంధన నాకు తెలుసా అని ఇంగ్లీషులో అడిగాడు. తెలుసునని ఇంగ్లీషులోనే చెప్పాను. మరి ఎందుకు తప్పానన్నాడు. నోటుపుస్తకం చేతికిచ్చాను. రెండు పేజీలు తిప్పాడు. ఆయన ముఖం ఎర్రబడింది, ఇంగ్లీషు ఆగిపోయింది.

“ఏవిటయ్యా ఈ చోద్యం? మద్రాసులో పెద్దలంతా కూర్చుని పద్ధతి పెడితే, నువ్వొచ్చి లెక్కలు వేస్తావా? ఎంత చెప్పినా బుర్రకెక్కదేం?”

“ఇప్పుడు బాగా ఎక్కిందండీ. తెలుగులో చెప్పారు గదా” అన్నాను.

ఆయన పుస్తకం బల్లమీద పడేసి బయటికి పోయాడు. నేను అక్కడే నిలబడి అందులో కొత్త వరుస రాసుకున్నాను. ఇంటి భాష తెలుగు, సందర్భం కోపం. తప్పు అన్న గడిలో ఏమీ రాయలేదు. ఆయన తప్పేమీ మాట్లాడలేదు.

సాయంత్రం కబురు వచ్చింది. పొరపాటైందని క్షమాపణ రాసిస్తే మర్నాడు పొద్దున మళ్ళీ పాఠం చెప్పనిస్తారు. లేకపోతే సర్టిఫికేట్ ఆపుతారు. నేను కూర్చుని ఒక కాగితం రాశాను. రెండు సెక్షన్లకూ ఎట్లా వేరువేరుగా చెప్పానో రాశాను. మొదటిసారి వేళల విషయంలో నా పొరపాటు ఏమిటో, దాన్ని ఎట్లా సరిచేశానో రాశాను. ఇంకో బడిలో ఇంకొకరు ఇదే చేసి చూస్తే గాని నా మాట రుజువు కాదని, ఆ పని చెయ్యమని కోరుతున్నానని రాశాను. హెడ్మాస్టరు చదివి నావైపు చూశాడు.

“ఇది క్షమాపణ గాదు కదప్పా.”

“కాదు సార్. అందులో పొరపాటు అన్న మాట మాత్రం ఉంది.”

“నీకు కొవ్వెక్కువ” అన్నాడు. కానీ ఆ కాగితం చింపలేదు, కవర్లో పెట్టి పంపాడు.

ఆ ఏడు సర్టిఫికేట్ రాలేదు. ఇంటికి పోతే నాయన మగ్గంలోంచి తలెత్తాడు.

“కాగితం యాడ?”

“ఆపినారు.”

“ఏమి జేసినావు?”

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పోగును బిగించే పలక కొట్టడం ఆపి విన్నాడు. “మళ్ళీ పోతావా?” అన్నాడు.

“పోతా. ఇదే పాఠం చెబుతా.”

“అంతవరకు ఈడ కూర్చో” అని పక్కకు జరిగాడు.

ఏడాది నేశాను. మరుసటి ఏడు అదే గది, అదే ఫారం, వేరే పరీక్షాధికారి. ఆయన కుర్చీలో కూర్చోకముందే మూడు వరుసలూ బోర్డు మీద రాసిపెట్టాను, వెనక కుర్చీలోంచి కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో. ఆయన పాఠమంతా విన్నాడు. కాగితం మీద ఏదో రాసుకుని లేచాడు.

ఈసారి సర్టిఫికేట్ వచ్చింది. మార్కులు అత్తెసరు. కింద ఎర్రసిరాతో ఒక వాక్యం: దేశభాషను మితిమీరి వాడును. ఇప్పుడు నేను పనిచేసే బళ్ళో ఆ సర్టిఫికేట్‌ను బోర్డు పక్కన మేకుకు తగిలించాను. ఆ ఎర్రసిరా వాక్యం కనబడేటట్టు.